1989 నుంచి ఒకే బ్యాంకు: ఆంధ్రా బ్యాంకు, ఇప్పుడు యూనియన్ బ్యాంకు

పర్లాకిమిడికి కోడలిగా వచ్చిన ఏడాదే, 1989లో, మావగారు వెంటబెట్టుకుని వెళ్లి ఆంధ్రా బ్యాంకులో నా పేరున ఖాతా తెరిపించారు. ఇన్నేళ్లలో వేరే బ్యాంకు గడప తొక్కలేదు.

1923 నవంబరులో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు బందరులో ఈ బ్యాంకు పెట్టారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. అప్పటికి మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో కలిసింది. 1980 ఏప్రిల్‌లో బ్యాంకు జాతీయమైంది. 2020లో మళ్లీ ఆ ఏప్రిల్ 1నే, కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఊరు రాష్ట్రం మారిన తేదీ, బ్యాంకు పేరు మారిన తేదీ ఒకటే. మా ఇంట్లో ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నామో!

నాకు ఒడియా మాట్లాడటం త్వరగానే వచ్చింది, చదవడం రాలేదు. కౌంటరులో ఇత్తడి టోకెను చేతిలో పెట్టి, "ఫారం వెనకాల కూడా ఒక సంతకం పెట్టండమ్మా" అని తెలుగులో చెప్పేవారు. ఆంధ్రాలోని పాతపట్నం పక్కనే ఉన్నా రాష్ట్రం వేరైన మాలాంటివాళ్లకి అదెంత ధైర్యమో చెప్పలేను.

2003లో పెద్దబ్బాయి ఫీజుకి నాలుగు గాజులు తాకట్టు పెట్టాను. బంగారం నాణ్యత చూసే అప్రైజర్ గారు ఒక్కో గాజునీ గీటురాయి మీద గీసి, ఆ గీత మీద ఆసిడ్ చుక్క వేసి, అది చెరిగిపోతుందేమోనని వంగి చూశారు. తూకం వేసి, గుడ్డసంచిలో పెట్టి మూతి కట్టి, నా కళ్లెదుటే లక్క సీలు వేశారు. పద్నాలుగు నెలలకి విడిపించుకున్నప్పుడు ఆ సీలు అలాగే ఉంది. అంతకుముందు బజారులో వడ్డీకి పెట్టిన మా అత్తగారి గొలుసు మళ్లీ ఇంటికి రానేలేదు. రైతుని షావుకారు చేతిలోంచి బయటపడేయాలని పట్టాభి గారు ఎందుకంత తపనపడ్డారో ఆ రోజు తెలిసింది.

విలీనమైతే బెంగపడ్డాను. యూనియన్ బ్యాంకూ చిన్నదేం కాదు. 1919లో బొంబాయిలో పుట్టింది, దాని ప్రధాన కార్యాలయాన్ని ప్రారంభించింది గాంధీగారు. అయినా బ్యాంకు పేరులో 'ఆంధ్రా' అన్న మాట లేకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

పాత ఖాతాదారులకి ఒక మాట. విలీనం తర్వాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ (ఖాతాకి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు శాఖని గుర్తించే కోడ్) మారింది. నా పాలసీ డబ్బు రావాల్సిన ఒక బీమా సంస్థ దగ్గర పాత కోడే ఉండిపోయింది. డబ్బు వెనక్కి వెళ్లి రెండు నెలలు టెన్షన్ పెట్టింది. పింఛను, బీమా, ఇంకెక్కడ ఈ ఖాతా ఇచ్చినా కోడ్ మార్చారో లేదో చూసుకోండి. పాత పాసుపుస్తకాలు పారేయకండి. ఆ ఖాతా నాదేనని చూపించడానికి చివరికి నా 1989 నాటి పుస్తకమే పనికొచ్చింది.