హాఫ్‌ట్రాక్ ఫోర్డ్‌సన్ కొనేవాళ్ళు ముందు రెండు పక్కలా ప్లేట్లు లెక్కపెట్టండి

ఇంగ్లండ్‌లో పాత ట్రాక్టర్లు కొని బాగుచేసుకునే మనవాళ్ళందరికీ ఇది. నేను కొన్నది ఫోర్డ్‌సన్ మేజర్ ఈ27ఎన్ ట్రాక్టర్, రోడ్‌లెస్ కంపెనీ హాఫ్‌ట్రాక్ (ముందు చక్రాలు, వెనక ఇనుప ప్లేట్ల చైన్లు), కొత్త పెయింటుతో మెరుస్తున్న బండి. ఫోటోలు మీరూ చూసే ఉంటారు, అమ్మినాయన ఎవరో చాలామందికి తెలుసు. పేరు రాయను. "చైన్లు గట్టిగా ఉన్నాయి, ఇంకో ఇరవై ఏళ్ళు వాటి జోలికి పోనక్కర్లేదు" అన్నాడు. నిన్న బండి లారీ దిగింది.

ఎడమ చైన్‌లో కుడిదాని కన్నా ఒక ప్లేటు తక్కువ.

పిన్నులూ వాటి రంధ్రాలూ అరిగి చైన్ సాగితే ముందున్న చక్రాన్ని స్క్రూతో ముందుకు జరిపి బిగిస్తాం. ఆ స్క్రూ చివరికొచ్చేసిందంటే ఇక చెయ్యాల్సింది రంధ్రాలు బోరు చేయించి, బుష్‌లు వేయించి, కొత్త పిన్నులు కొట్టించడం. ఈయన ఒక ప్లేటు పీకేసి, మిగతావి దగ్గరికి లాగి పిన్ను కొట్టి, పిన్ను తల మీద వెల్డింగ్ చుక్క పెట్టి, నల్ల రంగు పూసేశాడు. గోటితో గీకితే రంగు పొరలా లేచొచ్చింది. కింద వెల్డింగ్ ఇంకా తుప్పు కూడా పట్టలేదు, తళతళలాడుతోంది. అంటే ఇది అమ్మకం కోసం చేసిన పనే.

ప్లేటు తీసేస్తే చైన్ పొడవు తగ్గుతుంది గానీ పిచ్, అంటే పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం, తగ్గదు. ఒక్కో జాయింటులో ఒకటిన్నర మిల్లీమీటర్ల అరుగుదల చేత్తో ఊపి చూస్తే తెలీదు, 30 జాయింట్లకి అదే 45 మిల్లీమీటర్లు. పిచ్ పెరిగిన చైన్ స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ళ చక్రం) పంటి మొదట్లో కూర్చోదు, కొసకి ఎక్కుతుంది. పళ్ళు కొక్కేల్లా అరిగిపోతాయి. ఆ పళ్ళ మీద బాగుచేసిన చైన్ వేసినా అదీ పాడైపోతుంది, కాబట్టి రెండూ మార్చాల్సిందే. రోడ్‌లెస్ కంపెనీ ఎప్పుడో మూతపడింది. స్ప్రాకెట్ కావాలంటే పోత పోయించుకోవాలి, లేదా ఇంకో పాత బండిది వెతుక్కోవాలి.

ఫోన్ చేసి ప్లేటు సంగతి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "చూడకుండా కొన్నది నువ్వు" అని పెట్టేశాడు. తెలియక చేసినవాడు అలా అనడు. "ఏ ప్లేటు?" అని అడుగుతాడు.

నా తప్పూ ఉంది. పంపిన ఫోటోలన్నీ కుడిపక్కవే. ఆ ఫోటోల్లోనే బిగింపు స్క్రూ చివరికొచ్చి ఉంది, చూసి కూడా ఊరుకున్నాను. ఇప్పుడు చూస్తే ఎడమ స్క్రూ దాదాపు పూర్తిగా లోపలే ఉంది.

ఇంజనూ అంతే. పెట్రోలు మీద స్టార్ట్ చేసి, బాగా వేడెక్కాకే టీవీఓకి (కిరోసిన్ లాంటి ట్రాక్టర్ ఇంధనం) మార్చాలి. చల్లగా ఉండగానే మారిస్తే కాలని ఇంధనం పిస్టన్ రింగుల పక్కనుంచి సంప్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి, దిగి ఆయిల్‌ని పలచన చేస్తుంది. ఈ బండిలో ఆయిల్ మట్టం ఉండాల్సిన దానికన్నా పైకి ఉంది, వేళ్ళ మధ్య నీళ్ళలా జారుతోంది, కిరోసిన్ వాసన. బేరింగులు విప్పి చూడకుండా స్టార్ట్ చెయ్యను.

కొనే ముందు రెండు పక్కలా ప్లేట్లు లెక్కపెట్టండి. రెండు స్క్రూలు ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. చైన్ బిగలాగి 10 జాయింట్ల పొడవు టేపుతో కొలిచి, రెండో పక్కా కొలవండి. రెండూ సమానంగా సాగి ఉండొచ్చు, అందుకే స్ప్రాకెట్ పళ్ళు కూడా చూడాలి. ఎడమపక్క ఫోటో పంపనంటే వదిలేయండి.

అదే మనిషి ఈ రోజు ఇంకో హాఫ్‌ట్రాక్ అమ్మకానికి పెట్టాడు. దాని ఫోటోల్లోనూ ఎడమపక్కది ఒక్కటీ లేదు.