టీసీఎస్ అయాన్ కెరీర్ ఎడ్జ్: ఫ్రీ కోర్సే, కానీ పక్కన ఒకరు కూర్చోవాలి

హన్మకొండలో ఇంటర్వ్యూ కోచింగ్ అని ఒకచోట మా దోస్తుతో వేలు కట్టించుకుని, ఆఖరికి చేతిలో పెట్టింది అందరికీ ఇచ్చే మూస రెజ్యూమె. పేరు, ఫోన్ నంబరు తప్ప వాడి గురించి అందులో ఏమీ లేదు. నాకు ఒళ్లు మండి, ఇంటికి రమ్మని పిలిచి టీసీఎస్ అయాన్ వాళ్ల 'కెరీర్ ఎడ్జ్ – యంగ్ ప్రొఫెషనల్' పెట్టించాను.

2020 లాక్‌డౌన్ అప్పుడు వచ్చిన 15 రోజుల ఆన్‌లైన్ కోర్సు ఇది, పైసా కట్టక్కర్లేదు, వీలున్నప్పుడు చూసుకోవచ్చు. రెజ్యూమె, గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ, ఈమెయిల్ రాయడం, అకౌంటింగ్ బేసిక్స్ అన్నీ ఉన్నాయి.

నాకు బాగా నచ్చింది రెజ్యూమె పాఠం. మావాడు బీకాం చేసి పరకాలలో ఎరువుల దుకాణంలో లెక్కలు చూశాడు, అయినా 'ఫ్రెషర్' అనే రాసుకున్నాడు! "అరేయ్, ట్యాలీలో బిల్లులు కొట్టినవ్, జీఎస్టీ లెక్కలు చూసినవ్, ఆధార్ పెట్టించి ఈ-పోస్ మిషన్‌లో యూరియా అమ్మినవ్, సాయంత్రానికి గోదాంలో బస్తాలు మిషన్‌లో స్టాకుతో సరిపోయినయా లేదా అని చూసుకున్నవ్, ఇదంతా ఎక్స్‌పీరియన్స్ కాదారా?" అని అడిగితే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటి వాడే చెప్పాడు, వాడే రాశాడు. ఇప్పుడది చదివితే మనిషి కనిపిస్తున్నాడు.

ఇంటర్వ్యూ పాఠాలు మంచివే, కానీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. తెలుగు మీడియం పిల్లలు ఒంటరిగా చూస్తే మధ్యలోనే వదిలేస్తారేమో అనిపించింది. మేం వీడియో ఆపి, జవాబు ముందు తెలుగులో చెప్పుకొని, తర్వాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో పెట్టాం. అప్పుడే వాడికి టెన్షన్ తగ్గింది. ఏఐ గురించి చెప్పేవి మాకు అంత అవసరం పడలేదు, తొందరగా దాటేశాం.

కోర్సు అయిపోయిందని ఉద్యోగం రాదు, వెతుక్కోవడం వేరే పని. దానికి కేంద్ర కార్మిక శాఖ 2015లో తెచ్చిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించాను, అదీ ఉచితమే. మడికొండ ఐటీ పార్క్ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకుండా ఆడిటర్ ఆఫీసులు, పెద్ద షోరూంలు కూడా తిరుగుతున్నాం. ఒక ఆడిటర్ గారు రెజ్యూమె చూసి ఆ స్టాకు లెక్కల గురించే అడిగారట, మళ్లీ రమ్మన్నారు.

డిగ్రీ అయిపోయి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వాళ్లకు గట్టిగా చెప్తాను, కోచింగ్‌కు డబ్బులు కట్టకముందు ఇది చూడండి. మీ దోస్తు చూస్తుంటే రెజ్యూమె పాఠం రోజైనా వెళ్లి పక్కన కూర్చోండి.