అన్నమయ్య కాలిబాటకు ఏది మేలు?

కుక్కలదొడ్డి నుంచి శేషాచలం అడవి మీదుగా తిరుమల చేరే అన్నమయ్య కాలిబాటను బాగు చేయాలంటే రెండు పద్ధతులున్నాయి.

ఒకటి, అలిపిరిలా మెట్లు, పైకప్పు, కుళాయిలు, లైట్లు. అక్కడ 3,550 మెట్లు. మెట్టుమెట్టుకీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ ఎక్కే ముసలమ్మలకు ఆ నీడ ఎంత ఊరటో కళ్లారా చూశాను.

రెండోది, మట్టిబాటగానే ఉంచి దారి గుర్తులు, మంచినీళ్లు, తోడుగా గైడ్లు.

నా ఓటు రెండోదానికే. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్, అంటే అడవినీ అందులోని జీవజాతులనూ కాపాడే ప్రాంతం; ఎర్రచందనం పెరిగే నేల. 2023లో అలిపిరి దారిలోనే చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత నడిచేవాళ్ల చేతికి కర్రలిచ్చారు. రద్దీ దారిలోనే అంత టెన్షన్ ఉంటే, నడి అడవిలోకి వేలమందిని ఎలా పంపుతాం? రోజుకు ఇంతమందే అని లెక్కపెట్టి, గుంపులుగా, పొద్దు వాలకముందే కొండ చేరేలా పంపాలి. ఈ బాట గురించి చేసే ప్రచారంలోనూ ముందు ఆ మాటే చెప్పాలి.