సెల్లు సర్దుకునే పెట్టె: పెట్టె ఫర్వాలేదు, మీటర్‌తోనే గొడవ

పక్కన ఆ మీటర్ తగిలించకుండా అమ్మి ఉంటే ఈ పెట్టెకి కళ్లు మూసుకుని ఐదు స్టార్లు ఇచ్చేవాణ్ణి. కొన్న కొత్తలో ఇచ్చాను కూడా. ఆన్‌లైన్‌లో బ్యాటరీ ఆర్గనైజర్ అని వెతికితే ముందు కనిపించే రకమే ఇది. పైన గాజులాంటి మూత, లోపల ఒక్కో సైజు సెల్లుకి ఒక్కో వరస, పక్కన ఎరుపు, పసుపు, పచ్చ రంగుల మీద ముల్లు కదిలే చిన్న టెస్టర్. ఎన్ని పడతాయి, ఎంత పొడవు లాంటివన్నీ అమ్మే పేజీలోనే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను.

మా ఇంట్లో సెల్లు తినే వస్తువులకి లోటు లేదు. అమ్మ బీపీ మెషిన్, బాబు రిమోట్ కారు, నా మౌస్, కరెంటు పోతే వెతుక్కునే టార్చి. దాదాపు అన్నిట్లోనూ ఛార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లే, ఎక్కువగా ఎనలూప్ అనే బ్రాండువి. ఇదివరకు ఇవన్నీ వంటింటి సొరుగులో తాళంచెవుల మధ్య, చిల్లర మధ్య దొర్లేవి. అది చూడ్డానికి బాగోకపోవడం ఒక్కటే కాదు. ఈ సెల్లు రెండు కొసలకీ ఇనుప ముక్క ఆనితే ఆంపియర్ల కొద్దీ కరెంటు పారి, చెయ్యి చురుక్కుమనేంత వేడెక్కుతాయి. చదరంగా ఉండే 9 వోల్టుల బ్యాటరీ మరీ ప్రమాదం. దానికి ప్లస్సూ మైనస్సూ పక్కపక్కనే ఉంటాయి, రూపాయి బిళ్ల ఒక్కటి చాలు. పెట్టె వచ్చాక ఆ భయం పోయింది. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఇక గొడవ సంగతి. అమ్మకి పొద్దున్నే బాల్కనీలో కుర్చీ వేసుకుని బీపీ చూసుకోవడం అలవాటు. అక్కడ ప్లగ్ లేదు, అందుకే మెషిన్‌కి అడాప్టర్ బదులు నాలుగు ఏఏ సెల్లు వేస్తాం. ఓ రోజు చేతికి పట్టీ చుట్టి బటన్ నొక్కితే, గాలి సగం ఎక్కి బుస్సుమని ఆగిపోయింది. అంకెలు మాయం. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. నాలుగు సెల్లూ తీసి పెట్టె పక్కనున్న మీటర్‌లో పెట్టి చూశాను. ముల్లు నాలుగింటికీ పచ్చలోనే నిలబడింది. సెల్లు బాగున్నాయంటే మెషిన్ పోయినట్టే కదా. పట్టీ గొట్టం ఎక్కడైనా చిరిగిందేమోనని నీళ్లలో ముంచి చూశాం, సర్వీస్ సెంటర్ చుట్టూ తిరిగాం. అక్కడి కుర్రాడు వాళ్ల సెల్లు వేసి నొక్కాడు, మెషిన్ చక్కగా పనిచేసింది. ఈ తిరుగుడంతా అయ్యేసరికి అమ్మ అడిగిన ప్రశ్న ఒకటే: "ఇంతకీ నాకు బీపీ ఉన్నట్టా లేనట్టా, ఏరా?"

ఇంటికొచ్చి మల్టీమీటర్ పెట్టాను. నాలుగూ 1.2 వోల్టుల పైనే ఉన్నాయి, తేడా అంతా రెండో దశాంశంలో. తర్వాత సామర్థ్యం కొలిచే ఛార్జర్‌లో వేస్తే అసలు దొంగ దొరికాడు. సెల్లు ఎంత ఛార్జ్ పట్టి ఉంచగలదో ఎంఏహెచ్‌లలో (మిల్లీ ఆంపియర్ అవర్లు) చెబుతుందది. మూడు సెల్లు 1900 ఎంఏహెచ్ దరిదాపుల్లో ఇస్తే, ఒకటి 1100 దాటలేదు. ఊరికే కూర్చోబెడితే అది కూడా మిగతావాటిలాగే కనిపిస్తుంది. బీపీ మెషిన్‌లో పంపు మోటారు తిరగడం మొదలైతే కరెంటు ఒక్కసారిగా లాగుతుంది, అప్పుడు ఆ ఒక్క సెల్లు కూలబడుతుంది, దాంతో మెషిన్ మొత్తం ఆగిపోతుంది. పెట్టెతో వచ్చిన మీటర్ సెల్లు నుంచి లాగే కరెంటు ఆ మోటారు ముందు లెక్కలోకి రాదు.

అసలు ఆ మీటర్ వాడి పారేసే మామూలు ఆల్కలైన్ సెల్లు కోసం పుట్టింది. ఆల్కలైన్ కొత్తగా ఉన్నప్పుడు 1.5 వోల్టుల పైన ఉండి, వాడేకొద్దీ మెట్లు దిగినట్టు దిగుతుంది కాబట్టి ముల్లు చూసి ఎంత మిగిలిందో ఊహించుకోవచ్చు. నికెల్ సెల్లు తీరు వేరు. ఛార్జర్ నుంచి తీయగానే 1.4 చూపిస్తుంది, కాసేపటికి 1.3కి వస్తుంది, ఆ తర్వాత వాడకంలో చాలాభాగం 1.2 దగ్గరే బైఠాయిస్తుంది. చివర్లో 1.1 కిందికి వచ్చిందంటే ఇక జారుడే. అంటే ముక్కాలు వంతు నిండిన సెల్లుకీ పావు వంతు మిగిలిన సెల్లుకీ ముల్లు దాదాపు ఒకే చోట ఉంటుంది. ఈ మధ్య వస్తున్న యూఎస్‌బీ పిన్నుతో ఛార్జయ్యే 1.5 వోల్టుల లిథియం సెల్లు విషయంలో ముల్లు చెప్పేది పచ్చి అబద్ధమే. వాటిలో ఉండే చిన్న సర్క్యూట్ చివరిదాకా 1.5 పట్టి ఉంచి, అయిపోగానే టక్కున ఆపేస్తుంది. ఇంత ఉండగా అట్ట మీద మాత్రం "రీఛార్జబుల్ సెల్లుకి కూడా" అని పెద్ద అక్షరాల్లో వేశారు. నా కోపం అక్కడే.

ఇంకో సంగతి నెమ్మదిగా అర్థమైంది. ఈ పెట్టె సెల్లుని సైజుల వారీగా సర్దుతుంది. ఛార్జ్ సెల్లుకి కావాల్సింది సైజు కాదు, జట్టు. ఏఏలన్నీ ఒకే వరసలో నిలబడితే ఎవరి చేతికి ఏ నాలుగు వస్తే అవే పోతాయి. బాబు కారులో బాగా నలిగిన సెల్లు అమ్మ మెషిన్‌లోకి వచ్చింది అలాగే. ఆ కారు ఒక పట్టాన ఆగదు, చక్రాలు మూలిగేదాకా నడుపుతాడు. నాలుగు సెల్లు వరసగా కలిపిన చోట బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది, మిగతా మూడూ దాని గుండా కరెంటు తోస్తూనే ఉంటాయి. దాంతో దాని ప్లస్సు మైనస్సులు తిరగబడి లోపల దెబ్బతింటుంది. కలగాపులగంగా వాడేకొద్దీ ఈ రోగం ఒక్కో జట్టులోకీ పాకుతుంది.

దీనికి మందు పెట్టెలో లేదు, నాలుగేసి సెల్లు పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంది. టక్కుమని మూసుకునే రకం, సగం పారదర్శకంగా ఉంటాయి, ఒక కాఫీ ఖర్చు కూడా కాదు. వీటి గురించి ఎవరూ రివ్యూ రాయరు గానీ నాకు నచ్చింది ఇవే. ఒక జట్టుకి ఒక డబ్బా. సెల్లు ఒంటి మీద పర్మనెంట్ మార్కర్‌తో జట్టు అక్షరం, కొన్న నెల రాసేస్తాను. స్టిక్కర్ అంటిస్తే ఆ కాస్త మందానికే సన్నటి టార్చి గొట్టంలో సెల్లు ఇరుక్కుంటుంది. డబ్బాలో బొడిపెలన్నీ మూత వైపు ఉంటే ఛార్జ్ అయినట్టు, తిరగేసి ఉంటే అయిపోయినట్టు. ఇంతే నియమం, ఏ మీటరూ అక్కర్లేదు. ఇది ఇంట్లో అందరికంటే ముందు పట్టుకున్నది బాబే. ఇప్పుడు కారు సెల్లు తిప్పి పెట్టకపోతే నాకే క్లాసు పీకుతున్నాడు.

ఎనలూప్‌ల మీద నాకున్న భక్తిని కూడా కొంచెం సర్దుకోవాలి. 2005లో సాన్యో వీటిని తెచ్చినప్పుడు గొప్పేమిటంటే, పక్కన పెట్టినా ఛార్జ్ ఆవిరి కాకపోవడం. అంతకుముందు నికెల్ సెల్లు కొన్ని నెలల్లోనే వాటంతటవే నీరుగారిపోయేవి. ఇప్పుడు పానాసోనిక్ పేరుతో వచ్చే మామూలు తెల్లవాటికి పదేళ్ల తర్వాత కూడా 70 శాతం నిలుస్తుందంటారు. కానీ ఆ లెక్క 20 డిగ్రీల దగ్గర ఉంచితే. విజయవాడలో మే నెల తెల్లవారుజామున కూడా 20 డిగ్రీలు దొరకవు. మాది పై అంతస్తు, అటక మీద వేసవిలో చెయ్యి పెట్టలేం. అందుకే డబ్బాలు బీరువా కింది అరలో ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టమని చాలామంది సలహా ఇస్తారు, బయటికి తీయగానే చెమ్మ పడుతుంది కాబట్టి నేను పెట్టను.

పెట్టె మూత ఒక మూల బీట వేసింది, టేపు వేశాను, నడుస్తోంది. బటన్ సెల్లు మాత్రం అందులోంచి తీసేశాను. మూత చిన్నపిల్లలకి కూడా తేలిగ్గా వచ్చేస్తుంది. ఆ బిళ్ల మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంటుంది. మా అక్క చిన్న కూతురు సెలవులకి వస్తుంటుంది, అందుకని అవి అట్ట విప్పకుండా అల్మారా పై అరలోకి వెళ్లాయి.

మరి కొనాలా? ఇంట్లో ఉన్నవి రెండు రిమోట్లు, ఓ గోడ గడియారం, అవీ ఆల్కలైన్‌తో నడిచేవైతే పెట్టె బాగానే ఉంటుంది, మీటర్ కూడా కాస్తో కూస్తో పనికొస్తుంది. నాలుగేసి సెల్లు ఒకేసారి వేసే వస్తువులు, పైగా పిల్లలు ఉన్న ఇల్లయితే ఆ డబ్బు చిన్న డబ్బాల మీదా, ఒక్కో సెల్లునీ విడిగా ఛార్జ్ చేసే మంచి ఛార్జర్ మీదా పెట్టడం మేలని నాకనిపిస్తుంది. బీపీ మెషిన్ విషయంలో మాత్రం ముందు దాంతో వచ్చిన పుస్తకం చూడండి, కొన్నిటికి ఆల్కలైనే వాడమని రాసి ఉంటుంది. మా దాంట్లో అలా లేదు. ఐదు స్టార్లని మూడుకి దించాను. అమ్మనడిగితే ఒకటి కూడా దక్కదు.