తెన్నేటి పార్కు కింద ఓడ: నాన్నతో మూడు రోజులు

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళెవరూ ఆ వానను మర్చిపోరు. బేగంపేటలో 19 సెంటీమీటర్లు పడింది. ఘట్‌కేసర్ వైపు 30 దాటింది. సరూర్‌నగర్ చెరువు దిగువన ఉన్న మా కాలనీలో తెల్లారేసరికి నడుం లోతు నీళ్ళు. కింది గదిలో ఉండే నాన్నను చేతులు పట్టుకుని పైకి తెచ్చుకున్నాం గానీ ఆయన ట్రంకుపెట్టెను తేలేకపోయాం.

నాన్న ముప్పై నాలుగేళ్ళు విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో వెల్డర్‌గా చేశారు. అమ్మ పోయాక మా దగ్గరికి వచ్చేశారు. ఆ పెట్టెలో ఉన్నవన్నీ యార్డు ఫోటోలే. నీళ్ళు తీశాక వాటిని ఒక్కొక్కటే విడదీసి ఫ్యాన్ కింద ఆరబెడుతుంటే టీవీలో వార్త వచ్చింది. బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి విశాఖలో తెన్నేటి పార్కు కిందికి కొట్టుకొచ్చి రాళ్ళ మీద ఇరుక్కుపోయింది. పేరు 'ఎం.వి. మా' (ఎం.వి. అంటే మోటార్ వెసెల్, ఇంజనుతో నడిచే ఓడ). లోపల 15 మంది సిబ్బంది, అందరూ క్షేమం. అది ఒడ్డెక్కింది అక్టోబర్ 13 తెల్లవారుజామున. ఆ ఉదయమే కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం రాత్రికి హైదరాబాద్ మీద కురిసింది.

నాన్న చేతిలో తడి ఫోటో పట్టుకుని, "మన ఇంట్లో నీళ్ళూ, ఆ ఓడా ఒక్క గాలికే వచ్చాయమ్మా" అన్నారు.

ఆ ఓడను చూడాలని ఆయన మనసులో అప్పుడే పడింది. కరోనా రెండో వేవ్ తగ్గి, ఇద్దరికీ రెండు డోసులు పూర్తయ్యాక 2021 డిసెంబర్‌లో బయల్దేరాం.

నాంపల్లిలో సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగుతాం. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు నా ఓటు ఈ రైలుకే. చీకటి పడకముందే సామాను సర్దుకుని, తినేసి, పడుకోవచ్చు. కరోనా వల్ల అప్పట్లో ఏసీ బోగీల్లో దుప్పట్లు, దిండ్లు ఇచ్చేవారు కాదు. ఆ సంగతి గుర్తుండి నేను ఇంటి నుంచి రెండు దుప్పట్లు తెచ్చాను. సీనియర్ సిటిజన్ రాయితీ కూడా 2020 మార్చి నుంచి లేదు, కాబట్టి పూర్తి టికెట్ లెక్కే వేసుకోవాలి. లోయర్ బెర్త్ మాత్రం దొరికింది. అనకాపల్లి దాటాక నాన్న లేచి కూర్చుని, కిటికీ అద్దం తుడిచి, స్టేషన్ వచ్చేదాకా బయటికే చూస్తూ ఉన్నారు.

బస విషయంలో మొదటి రోజే దెబ్బ తిన్నాం. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక లాడ్జి ఆన్‌లైన్‌లో బుక్ చేశాను. రోజుకు పదహారు వందలు. ఫోటోల్లో లిఫ్ట్ ఉంది. అక్కడికి వెళ్తే ఆ లిఫ్ట్‌కు తాళం, మా గది మూడో అంతస్తులో. గీజర్ పనిచేయదు, వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చిస్తామన్నారు. తొమ్మిదైనా రాలేదు. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కిన మనిషి చన్నీళ్ళతో స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని వణుకుతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఖాళీ చేసేశాం. ఒక రోజు డబ్బులు పోయాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళతో వెళ్తే బుక్ చేసేముందు ఫోన్ చేసి "లిఫ్ట్ ఈ రోజు పనిచేస్తోందా?" అని ఆ మాటలతోనే అడగండి.

లాసన్స్ బే కాలనీలో ఒక ఇంటి కింది భాగంలో రెండు గదులు అద్దెకిస్తారని ఆటో అబ్బాయే చెప్పాడు. ఇరవై రెండు వందలు, టిఫిన్‌తో కలిపి. తెన్నేటి పార్కు అక్కడికి ఆటోలో పది నిమిషాలు. పొద్దున్నే ఇంటావిడ పూరీలోకి బొంబాయి చట్నీ చేసి పెట్టింది. నాన్నను "బాబాయ్ గారూ, ఇంకోటి వేసుకోండి" అని కొసరి కొసరి వడ్డించింది. ఆ మాటకు నాన్న ముఖంలో వచ్చిన తేటదనం చూశాక ఆరువందలు ఎక్కువైనట్టే అనిపించలేదు. రుషికొండ మీద పర్యాటక శాఖ వారి హరిత రిసార్ట్ ఇప్పుడు లేదు, కూల్చేశారు. పాత జ్ఞాపకంతో అక్కడికి వెళ్ళాలనుకునేవాళ్ళు గమనించాలి.

మధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో కురుసుర చూశాం. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన జలాంతర్గామి ఇది. మరుసటి ఏడాదే మ్యూజియం చేశారు. 91 మీటర్ల పొడవు. నేవీలో చేసి రిటైరైనవాళ్ళే లోపల నడుస్తూ వివరిస్తారు. ఏ వాల్వ్ దేనికో, తిండి ఎక్కడ వండేవారో, ఎంతమందికి ఒక పడక ఉండేదో ఓపిగ్గా చెప్పారు. సోమవారం సెలవు. మేం వెళ్ళినప్పుడు మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండు తర్వాతే తెరుస్తున్నారు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ఇరుకు ద్వారంలోంచి కాలు ముందు పెట్టి, నడుం వంచి దూరాలి. మోకాళ్ళు సహకరించనివాళ్ళకు ఇది కష్టం. నాన్న రెండో ద్వారం దగ్గరే ఆగిపోయి, అక్కడి అతుకు మీద వేలు పెట్టి మెల్లగా నడిపిస్తూ నిలబడ్డారు. ఎదురుగా రోడ్డుకు అవతల ఉన్న టీయూ-142 విమానం లోపలికి మాత్రం తేలిగ్గానే ఎక్కగలిగారు. సమయం తక్కువైతే పిల్లలతో వెళ్ళేవాళ్ళు కురుసురను, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు విమానాన్ని ఎంచుకోవచ్చు.

రెండో రోజు ఆరున్నరకే తెన్నేటి పార్కుకు వెళ్ళాం. స్వాతంత్ర్య సమరయోధుడు తెన్నేటి విశ్వనాథం గారి పేరు మీద ఉన్న పార్కు అది. కైలాసగిరి కొండ పాదాల దగ్గర, బీచ్ రోడ్డు అంచున ఉంటుంది. అక్కడి నుంచి తొంగి చూస్తే కిందనే ఓడ. దాదాపు 80 మీటర్ల పొడవు. ఫోటోల్లో చూసినప్పుడు బొమ్మలా ఉంది. కిందికి దిగేకొద్దీ పెరిగిపోతూ, చివరికి తల ఎత్తి చూడాల్సి వచ్చింది.

మెట్లు దిగాక రాళ్ళు. పాచి పట్టి జారుతున్నాయి. నాన్న నా భుజం పట్టుకుని చిన్న చిన్న అడుగులతో వచ్చి, అల వచ్చి ఆగేచోటికి ఇవతల ఒక చదును రాయి మీద కూర్చున్నారు. అంతకంటే దగ్గరికి వెళ్ళొద్దు. అల లాగేస్తుంది. కుర్రాళ్ళు సెల్ఫీల కోసం ఓడ నీడ దాకా వెళ్తుంటే నాకు గుండె దడదడలాడింది.

ఓడ చుట్టూ అల కొట్టే ఎత్తులో ఒక పట్టీలా తుప్పు పట్టింది. దాని పైన రంగు కొంచెం నిలిచే ఉంది, ఆ పట్టీలో మాత్రం ఇనుము పొరలు పొరలుగా లేచి అప్పడం పెచ్చుల్లా వేలాడుతోంది. ఎప్పుడూ నీళ్ళలో ఉండే ప్లేటు కంటే, తడుస్తూ ఆరుతూ ఉండే ప్లేటునే తుప్పు త్వరగా తినేస్తుందట. ఉప్పూ గాలీ రెండూ దానికే అందుతాయి కదా. పక్కన నిలువుగా రాసిన అంకెలు చూపించి నాన్న వివరించారు. ఓడ ఎంత లోతు మునిగిందో చెప్పే అంకెలవి, ఒక్కోటి పది సెంటీమీటర్ల ఎత్తు. ఎన్నో ఓడలకు ఆ అంకెల అంచు వెంబడే ఆయన వెల్డింగ్ చేశారట. సున్నా చుట్టి మధ్యలో అడ్డగీత ఉన్న గుర్తు లోడు హద్దు. అది నీళ్ళలో మునిగేంత సరుకు ఎక్కించకూడదు.

"ఖాళీగా ఉన్న ఓడ నీళ్ళ మీద ఎత్తుగా నిలబడుతుందమ్మా. గాలికి అది గోడలాగా అడ్డం. లంగరు పట్టు వదిలిందంటే ఇక తెరచాప కట్టినట్టే" అన్నారు. ఎదురుగా చూపించి, లంగరేసి వంతు కోసం ఆగే ఓడలు ఎక్కడ నిలబడతాయో చెప్పారు. అక్కడ నాలుగు ఓడలు కనిపించాయి, అన్నీ ఒకే దిక్కుకు మొహం పెట్టి. ఎం.వి. మా కూడా అలాంటి చోటే ఆగి ఉండి, లంగరు నిలవక ఇటు కొట్టుకొచ్చింది. మా అంటే బెంగాలీలో అమ్మ. నాన్న ఆ పేరు రెండుసార్లు పలికారు.

పక్కనే వల బాగుచేసుకుంటున్న జాలరి ఒకాయన మా మాటలు విని దగ్గరికొచ్చాడు. "ఆ రాత్రి కెరటం మా గుమ్మాల దాకా వొచ్చీసిందండి. తెల్లారి చూత్తే ఇదిగో, కొండలాగ నిలబడిపోనాది" అన్నాడు. అంతకు ఆరేళ్ళ ముందు వచ్చిన తుఫాను హుద్‌హుద్‌ కూడా అక్టోబర్ 12నే అని గుర్తు చేశాడు. ఆ ఏడాది అమ్మ కిటికీ తలుపుకు మంచం అడ్డం పెట్టి కూర్చుంది, నాకు బాగా గుర్తు. నాన్న వెంటనే "ఏటి బావూ, అంత రాత్రి మీరు గానీ నిద్రోయేరేటి" అని మొదలెట్టారు. హైదరాబాద్‌కు వచ్చాక ఆయన నోట ఆ యాస నేను విన్నది అదే మొదటిసారి. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. నేను అడ్డు రాలేదు.

ఈ ఓడను రెస్టారెంట్ చేస్తామని మేం వెళ్ళేనాటికి పర్యాటక శాఖ ప్రకటించింది. నాన్న దాన్ని కాదనలేదు గానీ, అల కొట్టే పట్టీలో ప్లేటు ఎంత మందం మిగిలిందో ఏటా కొలిచి, చెడినచోట కొత్త ప్లేటు వేస్తేనే మనుషుల్ని ఎక్కించాలన్నారు. నాకైతే అక్కడ కాఫీ కంటే ముందు ఒక బోర్డు కావాలనిపించింది. ఓడ పేరు, ఆ తేదీ, క్షేమంగా దిగిన ఆ 15 మంది సంగతి, ఇంత చాలు. మేం వెళ్ళిన రోజు అలాంటిదేమీ కనిపించలేదు. వచ్చినవాళ్ళు ఫోటో తీసుకుని, "ఎప్పట్నుంచి ఉందో" అనుకుంటూ వెళ్ళిపోతున్నారు. రాళ్ళ దగ్గర పట్టుకోవడానికి ఆధారం కూడా లేదు. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు పొద్దున్నే, నీళ్ళు వెనక్కి తగ్గిన సమయంలో, జారని చెప్పులతో వెళ్ళండి. అంత సాహసం వద్దనుకుంటే పైనున్న పార్కులోంచే ఓడ మొత్తం చక్కగా కనిపిస్తుంది.

ఆ సాయంత్రం సింధియా వైపు వెళ్ళాం. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ ఇక్కడ యార్డు మొదలుపెట్టింది. ఇక్కడ కట్టిన మొదటి ఓడ జల ఉషను 1948లో నెహ్రూ నీళ్ళలోకి దింపారు. ఆ కంపెనీ పేరే ఊరి పేరుగా మిగిలిపోయింది. లోపలికి వెళ్ళలేం. గేటు ఎదురుగా టీ తాగి వచ్చేశాం.

మూడో రోజు భీమిలి. డచ్చివాళ్ళ సమాధులు, గోస్తని సముద్రంలో కలిసేచోటు బాగున్నాయి, కానీ ఆదివారం రద్దీలో కారుకు ఇచ్చిన డబ్బులకు తగ్గట్టు అనిపించలేదు. దారిలో తిన్న వంజరం వేపుడు మాత్రం మర్చిపోలేను. ఇంటికి మాడుగుల హల్వా కొన్నాం.

తిరుగు ప్రయాణం రాత్రి గరీబ్‌రథ్‌లో. స్టేషన్‌కు వెళ్ళేదారిలో ఒకసారి తెన్నేటి పార్కు దగ్గర ఆపమన్నారు నాన్న. అప్పటికే చీకటి పడింది. దూరంగా డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్ వెలిగి ఆరుతోంది. లంగరేసిన ఓడల తెల్లదీపాలు వరుసగా కనిపిస్తున్నాయి. ఒడ్డెక్కిన ఓడకైతే అలాంటి తెల్లదీపాలతో పాటు ఒకదాని మీద ఒకటిగా రెండు ఎర్రదీపాలు కూడా పెట్టాలట, చూసినవాళ్ళు దూరంగా జరగడానికి. కింద ఓడ మీద ఒక్క దీపమూ లేదు. అల తగిలినప్పుడల్లా లోపలెక్కడో ఇనుప రేకు ఒకటి కొట్టుకుంటున్న చప్పుడు పైదాకా వినిపిస్తోంది. నాన్న చాలాసేపు రెయిలింగ్ పట్టుకుని నిలబడి, "వదులైన బోల్టు ఏదో" అని, ఆటో ఎక్కారు.