అమెజాన్ క్లౌడ్ సర్వర్లు, టీ3 నుంచి ఎం6జీకి: రెండేళ్లు వాడాక

ఆ ఆదివారం మా సర్వర్ పూర్తిగా ఆగిపోయి ఉంటే కారణం త్వరగానే దొరికేది. అది నడుస్తూనే ఉంది. కానీ ఒక్కో ప్రశ్న తెరుచుకోవడానికి అర నిమిషం పడుతోంది.

తెలంగాణ గ్రూప్-2 అభ్యర్థుల కోసం తెలుగు మాధ్యమంలో నమూనా పరీక్షలు పెట్టే చిన్న సైటు మాది. అసలు పరీక్ష ఎలా ఉంటుందో అలాగే పెడతాం: పేపరుకు 150 ప్రశ్నలు, రెండున్నర గంటల సమయం, ఉదయం పదింటికి ఒకటి, మధ్యాహ్నం మూడింటికి మరొకటి. 2023 ఏప్రిల్‌లో ఆ రోజు ఉదయం పేపరు ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. సాయంత్రం నాలుగు దాటగానే ఫోన్లు మొదలయ్యాయి. సూర్యాపేట నుంచి ఒక అమ్మాయి చేసింది. "సార్, 87వ ప్రశ్న దగ్గర తిరుగుతూనే ఉంది. టైమర్ మాత్రం ఆగడం లేదు సార్" అంది. ఆమె గొంతులోని కంగారు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆదివారం పని మానుకుని, నెట్ సెంటర్‌కు డబ్బు కట్టి కూర్చున్న మనిషి ఆమె.

గ్రాఫ్ తెరిచి చూస్తే ప్రాసెసర్ వాడకం 20 శాతం. గీత గీసినట్టు సమంగా 20 శాతం. ఎవరు చూసినా సర్వర్ తీరిగ్గా ఉందనే అనుకుంటారు. నేనూ అదే అనుకుని గంటసేపు డేటాబేస్‌లో తప్పు వెతికాను. చివరికి సర్వర్‌లోకి వెళ్లి, ప్రాసెసర్ ఎవరికి ఎంత పోతోందో చూపే టాప్ ఆదేశం ఇస్తే, రోజూ సున్నా ఉండే 'ఎస్‌టీ' అంకె ఆకాశంలో ఉంది. మన ప్రోగ్రాములు ప్రాసెసర్‌ను అడుగుతున్నా, కింది పొర, అంటే అమెజాన్ అసలు యంత్రం, ఇవ్వడం లేదని దాని అర్థం.

మేము వాడుతున్నది అమెజాన్ క్లౌడ్ ముంబై రీజియన్‌లో టీ3.మీడియం: రెండు వర్చువల్ ప్రాసెసర్లు, 4 జీబీ మెమరీ. టీ రకం సర్వర్లు క్రెడిట్ల మీద నడుస్తాయి. ఒక వర్చువల్ ప్రాసెసర్‌ను ఒక నిమిషం నూరు శాతం వాడుకుంటే ఒక క్రెడిట్ ఖర్చు. టీ3.మీడియం గంటకు 24 క్రెడిట్లు సంపాదిస్తుంది, గరిష్ఠంగా 576 దాచుకోగలదు. దాచుకున్నవి అయిపోతే ఒక్కో ప్రాసెసర్ 20 శాతానికి పడిపోతుంది. నేను చూసిన ఆ సమమైన గీత అదే. టీ3 మామూలుగా 'అన్‌లిమిటెడ్' పద్ధతిలో వస్తుంది. అందులో వేగం తగ్గదు, అదనపు వాడకానికి ఒక వర్చువల్ ప్రాసెసర్‌కు గంటకు 5 సెంట్ల చొప్పున బిల్లు పడుతుంది. బిల్లుకు భయపడి దాన్ని ఆపేసింది నేనే.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. శనివారం రాత్రి జవాబుల పీడీఎఫ్‌లు, బ్యాకప్ కలిసి చాలా క్రెడిట్లు తినేశాయి. ఆదివారం పదింటికి మిగిలినవి 330. పరీక్ష సమయంలో రెండు ప్రాసెసర్లూ నిండుగా పనిచేస్తే నిమిషానికి రెండు ఖర్చు, 0.4 రాబడి, అంటే నికరంగా 1.6 నష్టం. నూట యాభై నిమిషాలకు 240. పన్నెండున్నరకు మిగిలింది 90. మధ్యాహ్నం విరామంలో ఫలితాలు లెక్కించడంతో వచ్చింది వచ్చినట్టే పోయి, మూడింటికి వంద దగ్గర ఉంది. వందను 1.6తో భాగిస్తే అరవై రెండు నిమిషాలు. నాలుగు గంటలు దాటగానే ఫోన్లు ఎందుకు వచ్చాయో నిమిషంతో సహా తేలింది.

ఈ లెక్క ముందే వేసి ఉండాల్సింది. వారమంతా ఖాళీ, ఆదివారం ఒక్కరోజు రద్దీ కాబట్టి టీ రకం మాకోసమే పుట్టిందనుకున్నాను. సగటు చూస్తే నిజమే. కానీ మా అభ్యర్థులు సగటులో కూర్చుని పరీక్ష రాయరు. సర్వర్ రకం ఎంచుకునేటప్పుడు నెల సగటు పక్కన పెట్టి, మీ సైటుకు అన్నిటికన్నా కష్టమైన రోజున ఆఖరి గంటలో ఎంత అవసరమో చూడండి. నేను ఈ సమీక్ష రాస్తున్నది ముఖ్యంగా ఈ మాట చెప్పడానికే.

ఆ రాత్రే ఎం5.లార్జ్‌కు మారాను. టీ3, ఎం5 రెండూ ఎక్స్86 (ఇంటెల్ తరహా) ప్రాసెసర్లవే, కింద వాటిని నడిపే అమెజాన్ నైట్రో వ్యవస్థా ఒకటే. అందుకే సర్వర్ ఆపి, రకం మార్చి, తిరిగి మొదలుపెడితే సరిపోయింది. ఐదు నిమిషాల పని. ఎలాస్టిక్ ఐపీ (మన పేరున స్థిరంగా ఉండే ఇంటర్నెట్ చిరునామా) ఉండడం వల్ల చిరునామా కూడా మారలేదు. అది లేకపోతే ఆపి మొదలుపెట్టగానే పబ్లిక్ ఐపీ మారిపోతుంది. ఎం రకానికి క్రెడిట్ల గొడవ లేదు. ఇచ్చిన ప్రాసెసర్ ఎప్పుడూ మనదే. మెమరీ కూడా 8 జీబీ. బిల్లు మాత్రం మా స్థాయికి బరువైంది, పైన 18 శాతం జీఎస్టీ.

అదే సమయంలో ఇంకో గడువు తరుముతోంది. మా సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 18.04కు ఉచిత మద్దతు 2023 మే ఆఖరుతో ముగుస్తోంది. ఎలాగూ కొత్త సర్వర్ కట్టాలి కదా, ఎం6జీ చూద్దామనుకున్నాం. పేరు చదవడం తేలికే: 'ఎం' అంటే సాధారణ వాడకం, ప్రాసెసర్‌కు నాలుగు జీబీల మెమరీ. 'సీ' అయితే రెండు జీబీలు, 'ఆర్' అయితే ఎనిమిది. అంకె తరాన్ని చెబుతుంది. చివరి 'జీ' అంటే గ్రావిటాన్, అమెజాన్ సొంతంగా రూపొందించుకున్న ఆర్మ్ (ఫోన్లలో ఉండే తరహా) ప్రాసెసర్. ఎం6జీలో ఉన్నది గ్రావిటాన్2. ఎం5 కన్నా అద్దె తక్కువ.

నన్ను ఒప్పించింది అద్దె ఒక్కటే కాదు. టీ3లో, ఎం5లో రెండు వర్చువల్ ప్రాసెసర్లంటే నిజానికి ఒకే భౌతిక కోర్, దాని మీద రెండు దారాలు (థ్రెడ్లు), అంటే రెండు పనులు ఒకే కోర్‌ను పంచుకుంటాయి. గ్రావిటాన్‌లో ఒక్కో వర్చువల్ ప్రాసెసర్ ఒక్కో పూర్తి కోర్. మామూలు రోజుల్లో ఈ తేడా ఎవరికీ కనిపించదు. పదింటికి అందరూ ఒక్కసారి 'ప్రారంభించు' మీట నొక్కినప్పుడు కనిపిస్తుంది.

అయితే ఎక్స్86 నుంచి ఆర్మ్‌కు రకం మార్చి మొదలుపెట్టడం కుదరదు. డిస్కు మీద ఉన్న ఆపరేటింగ్ సిస్టమే వేరే భాషది. కొత్త సర్వర్ తెరిచి అన్నీ మళ్లీ ఎక్కించాలి. మేము ముందు రిహార్సల్ చేశాం, అది మమ్మల్ని కాపాడింది.

మొదట తొందర దారి పట్టాను. డేటాబేస్ డిస్కుకు స్నాప్‌షాట్ (ఉన్నదున్నట్టు నకలు) తీసి, దానితో కొత్త డిస్కు చేసి, ఆర్మ్ సర్వర్‌కు తగిలించి మా డేటాబేస్ ప్రోగ్రాం పోస్ట్‌గ్రెస్‌ను మొదలుపెట్టాను. మొదలైంది. పట్టికలన్నీ ఉన్నాయి, లాగిన్ పనిచేసింది. సంతోషించాను. మా సహోద్యోగి అభ్యర్థుల పేర్లతో వెతకడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో నమోదైన పేర్లు దొరుకుతున్నాయి. తెలుగులో ఉన్న పేర్లు కొన్ని దొరకడం లేదు. 'కృష్ణవేణి' పట్టికలో కళ్లెదుట ఉంది, వెతుకుడు పెట్టెలో కొడితే లేదంటోంది.

రెండు రోజులు పట్టింది అర్థం కావడానికి. పేర్ల వెతుకులాటకు మేము ట్రైగ్రామ్ ఇండెక్స్ (పేర్లను మూడేసి అక్షరాల ముక్కలుగా పేర్చిన సూచిక) వాడతాం. ఒక బైటును రుణ సంఖ్యలతో కలిపి చదవాలా, ధన సంఖ్యగా మాత్రమే చదవాలా అన్న విషయంలో ఎక్స్86కు, ఆర్మ్‌కు అలవాట్లు వేరు. ఇంగ్లీషు అక్షరాలు 127 లోపు ఉంటాయి కాబట్టి వాటికి తేడా రాదు. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, మూడూ 127 పైనే. పాత యంత్రం ఒక వరుసలో పేర్చిన ఇండెక్స్‌ను కొత్త యంత్రం మరో వరుస అనుకుని చదువుతోంది. దీనికి తోడు ఉబుంటు 18.04 తర్వాత వచ్చిన జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) 2.28లో పదాలను వరుసలో పెట్టే నియమాలే మారాయి. అందువల్ల మామూలు ఇండెక్స్‌లూ నమ్మదగినవి కావు. భౌతిక ఫైళ్లను ఒక రకం ప్రాసెసర్ నుంచి ఇంకో రకానికి మోయవద్దని పోస్ట్‌గ్రెస్ వాళ్లు చెబుతూనే ఉన్నారు. పీజీ డంప్‌తో సమాచారాన్ని బయటికి తీసి, కొత్త సర్వర్‌లో పీజీ రిస్టోర్‌తో పోస్తే ఇండెక్స్‌లన్నీ కొత్తగా కట్టుకుంటాయి. అలా చేయగానే కృష్ణవేణి దొరికింది. తెలుగు సమాచారం ఉన్నవారు ఈ ఒక్క పేరా గుర్తుంచుకున్నా నాకు చాలు. ఇంగ్లీషు పదాలతో మాత్రమే పరీక్షించి ఉంటే అసలు తప్పు జరిగిందన్న సంగతే మాకు తెలిసేది కాదు.

రిహార్సల్‌లో బయటపడ్డవి ఇంకా ఉన్నాయి. కొత్త సర్వర్ గడియారం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంది. అలాగే వదిలేస్తే ఉదయం పదింటి పరీక్ష మధ్యాహ్నం మూడున్నరకు తెరుచుకునేది. మా డాకర్ ఇమేజ్‌లు (ప్రోగ్రాంను దానికి కావాల్సినవాటితో కలిపి కట్టిన మూటలు) 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అని మొరాయించాయి, ఆర్మ్ కోసం మళ్లీ కట్టాం. మా ల్యాప్‌టాప్‌లన్నీ ఎక్స్86వి కావడంతో ఎమ్యులేషన్ మీద, అంటే ఆర్మ్‌ను అనుకరిస్తూ కట్టడం నత్తనడక. ఇప్పుడు ఆర్మ్ సర్వర్ మీదే రాత్రిపూట కడుతున్నాం. ఎస్‌ఎంఎస్‌లు పంపడానికి ఒక సంస్థ ఇచ్చిన ప్రోగ్రాం ఎక్స్86కు మాత్రమే ఉంది. దాని కోసం కొన్ని నెలలు చిన్న టీ3.మైక్రో విడిగా నడిపాం.

ఎక్కువ శ్రమ పెట్టింది జవాబుల పీడీఎఫ్. ఒత్తులు, గుణింతాలు సరిగా కుదరాలంటే బ్రౌజర్‌తోనే పీడీఎఫ్ తీయడం మేలు కాబట్టి బ్రౌజర్‌ను ప్రోగ్రాంతో నడిపే పపెటీర్ వాడుతున్నాం. అది తనంతట తాను దించుకునే క్రోమ్ లినక్స్ ఆర్మ్ మీద నడవలేదు. క్రోమియంను విడిగా ఎక్కించి దారి చూపించాల్సి వచ్చింది. అది నడిచాక మొదటి పీడీఎఫ్ తెరిస్తే, ప్రశ్నల స్థానంలో వరుసగా ఖాళీ డబ్బాలు. 'శాతవాహనుల రాజధాని' ఉండాల్సిన చోట డబ్బాలు, పక్కన ప్రశ్న సంఖ్య మాత్రం చక్కగా ఉంది. కొత్త సర్వర్‌లో తెలుగు ఫాంటే లేదు. పాతదాంట్లో ఎప్పుడో ఎవరో ఎక్కించి ఉంటారు, ఎక్కడా రాసిపెట్టలేదు. లోహిత్, నోటో తెలుగు ఫాంట్లు పెట్టాక సరిపోయింది.

అసలు మార్పు జూన్‌లో ఒక మంగళవారం అర్ధరాత్రి చేశాం. పరీక్ష ముగిసి రెండు రోజులైంది, తర్వాతిదానికి ఇంకా నాలుగు రోజులుంది. సైటు మూసి, డంప్ తీసి, పోసి, తెలుగు పేర్లతో వెతికి చూసి, ఎలాస్టిక్ ఐపీని కొత్త సర్వర్‌కు తగిలించాం. నలభై నిమిషాలు పట్టింది. పాత సర్వర్‌ను ఆపి రెండు వారాలు అలాగే ఉంచాం. ఆపిన సర్వర్‌కు ప్రాసెసర్ అద్దె పడదు కానీ డిస్కు అద్దె పడుతూనే ఉంటుంది, మరిచిపోవద్దు. 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకూ గంటకు అర సెంటు వసూలు చేస్తున్నారు కాబట్టి, ఇప్పుడు చేసేవారు వాడని చిరునామాలను వదిలేయడం మంచిది. డిస్కును కూడా పాత జీపీ2 రకం నుంచి కొత్త జీపీ3 రకానికి మార్చాం. అది నడుస్తుండగానే మారుతుంది, ధర తక్కువ, చిన్న డిస్కుకూ 3000 ఐఓపీఎస్ (సెకనుకు చదివే, రాసే పనులు) నిలకడగా ఇస్తుంది.

హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులోనే తెరిచారు, మనవారంతా ఇక్కడే ఉన్నారు, అక్కడికే ఎందుకు మారలేదని చాలామంది అడిగారు. ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్ ఒకేసారి మారుస్తున్నాం; ఊరు కూడా మారిస్తే, తేడా వచ్చినప్పుడు కారణం ఎక్కడుందో తెలియదు. అందుకే ముంబైలోనే ఉన్నాం.

రెండేళ్ల వాడకంలో అసలు పరీక్ష 2024 డిసెంబరులో ఎదురైంది. 15, 16 తేదీల్లో గ్రూప్-2. అంతకు ముందు నాలుగు ఆదివారాలూ మా సైటు మీద అంతవరకూ ఎన్నడూ లేని రద్దీ. సాయంత్రం నాలుగింటికి నేను గ్రాఫ్ ముందు కూర్చునేవాణ్ని. గీత పైకి వెళ్లేది, కిందికి వచ్చేది, ఎక్కడా సమంగా గడ్డకట్టలేదు. ఉదయం పదింటికి పేజీ ఎంత వేగంగా తెరుచుకుందో, సాయంత్రం ఐదింటికీ అంతే. ఒక్క ఫోనూ రాలేదు.

ఏడాది ఒప్పందం తీసుకుంటే చవక అని చాలామంది చెబుతారు. మేము తొందరపడలేదు. ఆ గ్రూప్-2నే చూడండి: 2023 ఆగస్టు 29, 30 అన్నారు, నవంబరుకు వెళ్లింది, జనవరికి వెళ్లింది, మళ్లీ ఆగస్టుకు వెళ్లింది, చివరికి డిసెంబరులో జరిగింది. మా రద్దీ దానితోపాటే వెనక్కి జరుగుతూ వచ్చింది. తీసుకోక తప్పదనుకుంటే ఒక సర్వర్ కుటుంబానికి కట్టుబడే ప్లాన్ వద్దు, ఏ రకానికైనా వర్తించే కంప్యూట్ సేవింగ్స్ ప్లాన్ చూడండి. టీ3 మీద ఉన్న రోజుల్లో మొదటిది కొని ఉంటే, ఎం6జీకి మారాక దానివల్ల మాకు రూపాయి తగ్గేది కాదు.

అసంతృప్తి లేదని కాదు. ఒక్క పీడీఎఫ్ తయారవడానికి పట్టే సమయం ఏమీ తగ్గలేదు. ఒంటరి పనిలో గ్రావిటాన్2 కోర్ ఎం5 కన్నా వేగమని నేను చెప్పలేను. చాలామంది ఒకేసారి వచ్చినప్పుడే దాని బలం. అలాగే ఆర్మ్‌కు మారితే క్రెడిట్ల బెడద పోతుందని అనుకోవద్దు. టీ4జీ కూడా ఆర్మే, దానికీ క్రెడిట్లే. రోజుకు వందమంది చూసే సైటుకు అది చక్కగా సరిపోతుంది. ట్యాలీ కోసమో మరో దాని కోసమో విండోస్ సర్వర్ నడిపేవారికి గ్రావిటాన్ దారే లేదు, వారు ఎక్స్86లోనే ఎం రకం చూసుకోవాలి.

ఇప్పుడు నా కన్ను గ్రావిటాన్3 మీద నడిచే ఎం7జీ మీద ఉంది. అదీ ఆర్మే కాబట్టి డంపులు, రిహార్సళ్లు అక్కరలేదు. ఆపి, రకం మార్చి, మొదలుపెట్టడమే. తర్వాతి నోటిఫికేషన్ లోపు ఖాళీ వారం దొరకగానే ఒక మంగళవారం రాత్రి మార్చి, కృష్ణవేణి పేరుతో ఒకసారి వెతికి, ఆదివారం సాయంత్రం నాలుగింటికి గ్రాఫ్ ముందు కూర్చుంటాను.