అప్రెంటిస్‌షిప్‌కు ఏ రెజ్యూమె మేలు: చదువు ముందుండేదా, పని ముందుండేదా?

ఐటీఐ పూర్తిచేసి అప్రెంటిస్‌గా చేరాలనుకునేవారిలో చాలామంది రెజ్యూమెలో "అనుభవం" అన్నచోటికి రాగానే "ఫ్రెషర్" అని రాసి ఊరుకుంటారు. నిజానికి 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందే వ్యక్తే తప్ప కార్మికుడు కాడు. కాబట్టి ఉద్యోగానుభవం లేకపోవడం ఇక్కడ లోపమేమీ కాదు. తేల్చుకోవలసిందల్లా ఆ కాగితంలో పై సగాన్ని దేనికి కేటాయించాలన్నదే.

మొదటిది నెట్ సెంటర్లో సిద్ధంగా దొరికే బయోడేటా. "లక్ష్యం" పేరిట అందరికీ ఒకేలా ఉండే రెండు వాక్యాలు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మార్కుల పట్టిక, అభిరుచుల కింద క్రికెట్, చివర "పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అనే మాట, సంతకం. సర్టిఫికెట్లతో సరిపోల్చుకోవడానికి ఇది అనువుగానే ఉంటుంది కానీ, పది మందివి పక్కపక్కన పెడితే ఎవరిది ఏదో చెప్పడం కష్టం. (ఒకరి ఫైల్ మీదే మరొకరి వివరాలు దిద్దడం వల్ల, సంతకం దగ్గర పాత అభ్యర్థి పేరు అలాగే మిగిలిపోవడమూ కద్దు.)

రెండోది వర్క్‌షాప్‌లో చేసిన పనులను పైన, చదువును కింద పెట్టేది. రెండేళ్లు ఫిట్టర్ ట్రేడ్ చదివిన అభ్యర్థి "ఫైలింగ్, డ్రిల్లింగ్ తెలుసు" అని రాస్తే అది సిలబస్‌లోని మాటే అవుతుంది. దానికి బదులు "మైల్డ్ స్టీల్ ప్లేటును ఫైలింగ్ చేసి, ట్రై స్క్వేర్‌తో అంచులు సరిచూసి, 6.8 మిల్లీమీటర్ల డ్రిల్‌తో రంధ్రం వేసి ఎం8 ట్యాపింగ్ చేశాను; 0.02 మిల్లీమీటర్ల వరకు చూపే వెర్నియర్ కాలిపర్‌తో కొలతలు తీశాను" అని రాస్తే, చదివే సూపర్‌వైజర్‌కు అడగడానికి ఒక ప్రశ్న దొరుకుతుంది: ఎం8 ట్యాపింగ్‌కు, అంటే 8 మిల్లీమీటర్ల బోల్టు పట్టేలా రంధ్రంలో మర కోయడానికి, 8 మిల్లీమీటర్ల డ్రిల్ ఎందుకు వేయకూడదు? మర కోయడానికి రంధ్రం గోడలో లోహం మిగలాలి కనుక అని చెప్పగలిగినవాడికి ఆ ఒక్క వాక్యమే అనుభవం కింద లెక్క. చెప్పలేనివాడు ఆ వాక్యం రాయకపోవడమే మంచిది. సెలవుల్లో మెకానిక్ షెడ్డులో చేసిన పనినీ, పొలంలో మోటారు స్టార్టర్ విప్పి బాగుచేసిన సంగతినీ ఇక్కడే చేర్చవచ్చు. అయితే వాటికి లేని హోదాలు తగిలించకూడదు.

ప్రైవేటు ఫ్యాక్టరీలకు, ముఖ్యంగా చిన్న యూనిట్లకు, నా దృష్టిలో రెండోదే మేలు. రైల్వే సంగతి వేరు. అక్కడ యాక్ట్ అప్రెంటిస్‌లను (పైన చెప్పిన చట్టం కింద తీసుకునేవారిని) సాధారణంగా పదో తరగతి, ఐటీఐ మార్కుల మెరిట్‌ను బట్టి ఎంపిక చేస్తారు కనుక రెజ్యూమెను ఎంత చెక్కినా ఫలితం ఉండదు. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లోనూ ఆధార్‌లోనూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవడానికి ఆ సమయం వెచ్చించడం మేలు.

పనిని ముందు పెట్టామని మార్కులను దాచకూడదు. అవి తక్కువైనా చదువు కింద ఒక్క వరుసలో ఉండాలి, మొత్తం ఒక పేజీ దాటకూడదు. ఇంటర్వ్యూకు ప్రాక్టికల్ రికార్డును వెంట తీసుకువెళ్లి, రెజ్యూమెలో రాసిన ప్రతి పనికీ అందులోని పేజీని తడుముకోకుండా తీసి చూపించగలగాలి.